డౌన్‌హిల్ పోటీకి సిద్ధమవుతున్నారా? టైరు నుంచి లైను దాకా ఏది, ఎప్పుడు ఎంచుకోవాలి

కొండ మీది నుంచి కిందికి దిగే డౌన్‌హిల్ సైకిల్ పోటీకి పేరు ఇచ్చిన మర్నాటి నుంచే ఇది మంచిదా, అది మంచిదా అన్న ప్రశ్నలు వరుసకడతాయి. మెత్తటి రబ్బరు టైరు వేయాలా, గట్టిది వేయాలా. స్ప్రింగు షాక్ (కుదుపులను మింగే షాక్ అబ్జార్బర్) కావాలా, గాలి షాక్ చాలునా. పాదాన్ని పెడల్‌కు బిగించుకోవాలా, విడిగా ఉంచాలా. ప్రాక్టీసులో కోర్సంతా, అంటే పోటీ బాటంతా, ఏకబిగిన దిగాలా, ముక్కముక్కగా నేర్చుకోవాలా. వీటిలో ఏ ఒక్కదానికీ అందరికీ చెల్లే జవాబు లేదు గాని, జవాబు వెతికే పద్ధతి మాత్రం ఒకటి ఉంది. కోర్సులో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే ఇరవై ముప్పై సెకండ్ల భాగం ఏదో ముందుగా గుర్తించి, ప్రతి ఎంపికనూ ఆ భాగానికి పనికొస్తుందా లేదా అని తూచి చూసుకోవాలి. సాఫీగా ఉన్న చోట ఏ టైరైనా పరుగెడుతుంది. అక్కడ తప్పు ఎంపిక వల్ల పోయేది సెకండులో ఏ రెండు మూడు పదో వంతులో. కష్టమైన చోట చక్రం జారితే పోయేది పది సెకండ్లు, ఒక్కోసారి కాలర్ బోన్.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అయిన యూసీఐ తొలి మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను 1990లో అమెరికాలోని డురాంగోలో నిర్వహించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా సైకిళ్లు గుర్తుపట్టలేనంతగా మారాయి గాని డౌన్‌హిల్ పోటీ స్వరూపం మారలేదు: పోటీదారులు ఒక్కొక్కరుగా బయలుదేరతారు, పోటీ గడియారంతోనే, సాధారణంగా రెండు నుంచి ఐదు నిమిషాల్లో అంతా ముగిసిపోతుంది. ఇంత తక్కువ సమయంలో పొరపాటును సరిదిద్దుకునే అవకాశం దాదాపు ఉండదు కాబట్టి, ఎంపికలన్నీ బయలుదేరే ముందే పూర్తయి ఉండాలి.

నడిచి చూడటమా, వీడియో చూడటమా, నేరుగా దిగడమా

మూడింటిలో ఒక్కటే చేసే వీలుంటే నేను సందేహం లేకుండా నడకనే ఎంచుకుంటాను. పాత పరుగుల వీడియోలు మలుపుల క్రమాన్ని గుర్తుపెట్టుకోవడానికి బాగా పనికొస్తాయి. ఎడమ మలుపు తర్వాత జంప్, జంప్ తర్వాత రాళ్ల గుట్ట అన్నంత వరకు ఇంట్లో కూర్చునే కంఠస్థం చేయవచ్చు. అయితే హెల్మెట్ మీద పెట్టే కెమెరాలు వెడల్పు లెన్సుతో తీస్తాయి కాబట్టి వాలు చదునుగా కనిపిస్తుంది, వేర్లు నేలలో కలిసిపోతాయి, తడి ఎక్కడుందో తెలియదు. వీడియోలో మామూలు దిగువలా కనిపించిన చోటికి వచ్చి నిలబడ్డాక, అక్కడ కాలు నిలదొక్కుకోవడమే కష్టమని తెలిసి ఆశ్చర్యపోవడం నాకు చాలాసార్లు జరిగింది.

నడిచేటప్పుడు రెండు విధాలుగా చూడాలి. ఒకటి, సైకిల్ మీద కళ్లు ఉండే ఎత్తు నుంచి కిందికి చూడటం. రెండోది, ప్రతి కష్టమైన భాగాన్ని దాటాక వెనుదిరిగి పైకి చూడటం. పైనుంచి చూసినప్పుడు రాయి వెనక దాగిన దారి, కింది నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. హడావుడిగా నడిచేవారు ఈ రెండో చూపును వదిలేస్తారు, అది పెద్ద నష్టం. మూడు కిలోమీటర్ల లోపు కోర్సుకు రెండు గంటలు కేటాయించినా ఎక్కువ కాదు.

ఒకసారి వానపడి వెలిసిన సాయంత్రం నేను అడ్డంగా సాగిన వేర్ల వరుస పక్కన, కోర్సు హద్దుగా కట్టిన టేపు బయట, మోకాళ్ల మీద కూర్చుని పావుగంట సేపు ప్రాక్టీసు చూశాను. బెరడు ఊడి తెల్లబడిన ఒక వేరు మీద బ్రేకు పట్టినవాళ్లందరి వెనక చక్రం ఒకే దిక్కుకు, జానెడు దూరం పక్కకు జారుతోంది. బ్రేకును ఆ వేరుకు రెండు మీటర్ల ముందే వదిలేసినవాళ్ల చక్రం మాత్రం దాని మీద చిన్నగా టక్కుమని తాకి నేరుగా వెళ్లిపోతోంది. అంతకుముందు అక్కడ ఏ లైన్ (చక్రాలను నడిపే దారి) మంచిదని నేను తలబద్దలు కొట్టుకుంటున్నాను. అసలు ప్రశ్న లైన్ గురించి కాదని, బ్రేకు ఎక్కడ వదలాలన్నదని ఆ పావుగంటలో తెలిసింది. నేరుగా సైకిల్ మీద దిగి ఉంటే నాలుగైదు పరుగులు వృథా చేసి, ఒకటి రెండు సార్లు పడి గాని ఈ సంగతి తెలిసేది కాదు.

కోర్సు ఎప్పుడూ ఒకేలా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వంద మంది పోటీదారులు దిగాక, అందరూ బ్రేకు పట్టే చోట్ల గుంతలు పడతాయి, మెత్తటి నేలలో చాళ్లు ఏర్పడతాయి, మట్టి కింద దాగిన రాళ్లు తేలతాయి. అందుచేత మొదటి రోజు నడక ఎంత శ్రద్ధగా చేసినా, ప్రాక్టీసు ముగిశాక కష్టమైన రెండు మూడు చోట్లకు మళ్లీ వెళ్లి చూడాలి. ఉదయం మంచిదనుకున్న లైన్ సాయంత్రానికి గుంతల మయమై, ఎవరూ వెళ్లని పక్క లైనే వేగంగా మారడం తరచూ జరిగేదే.

ఏకబిగిన దిగడమా, ముక్కలుగా నేర్చుకోవడమా

ప్రాక్టీసులో దొరికే పరుగుల సంఖ్య పరిమితం. లిఫ్టు దగ్గర వరుస, అలసట, మధ్యలో ఎవరైనా పడితే కోర్సు ఆపడం, ఇవన్నీ దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ముక్కలుగా నేర్చుకోవడం వల్ల ఒక్కో చోట కచ్చితమైన అవగాహన వస్తుంది గాని, ఆ చోటికి పై భాగం నుంచి వచ్చే అసలు వేగం అనుభవంలోకి రాదు. ఆగి, ఊపిరి తీసుకుని, రెండు పెడల్ తొక్కులతో బయలుదేరి సులువుగా దాటిన డ్రాప్ (దారి ఒక్కసారిగా కిందికి తెగే చోటు), నిండు వేగంతో వచ్చినప్పుడు మనల్ని దిగాల్సిన చోటు దాటించి దూరంగా విసిరేస్తుంది. ఏకబిగిన దిగడం వల్ల వేగమూ అలసటా రెండూ నిజంగా అనుభవంలోకి వస్తాయి గాని, తప్పులు కూడా అలవాటుగా స్థిరపడతాయి.

కాబట్టి ఇక్కడ ఎంపిక ఏది అన్నది కాదు, ఏది ముందు అన్నది. మొదటి పరుగు ఎక్కడా ఆగకుండా, నెమ్మదిగా, కోర్సు మొత్తం ఒక వాక్యంలా వినిపించేలా దిగండి. తర్వాతి రెండు మూడు పరుగుల్లో ముందే ఎంచుకున్న మూడు చోట్ల మాత్రమే ఆగండి, నాలుగో చోటు వద్దు. ఆ తర్వాత మిగిలినవన్నీ పూర్తి పరుగులే కావాలి. ఆగేటప్పుడు టేపు పక్కకు పూర్తిగా జరిగి, వెనక వచ్చేవారికి కనిపించేలా నిలబడాలని వేరే చెప్పనక్కరలేదు గాని, ఈ ఒక్క అజాగ్రత్త వల్ల జరిగే ఢీకొట్టుళ్లు చూశాక చెప్పకుండా ఉండలేను.

కొత్తవారికి నా సలహా మరొకటి: రోజులో ఆఖరి పరుగు అని ముందే ప్రకటించుకుని ఎవరూ దిగకూడదు. చేతులు బిగుసుకుపోయి, బ్రేకు మీటను ఒక వేలితో కాక రెండు వేళ్లతో పట్టాల్సి వస్తోందంటే ఆ రోజు ప్రాక్టీసు అప్పటికే అయిపోయింది. ఇంకొక్కసారి అని ఎక్కిన పరుగులోనే చాలామంది పడతారు.

లోపలి లైన్, బయటి లైన్

ఈ ఎంపిక గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఖర్చు లేకుండా సమయం దొరికేది ఇక్కడే.

మలుపులో లోపలి దారి దూరం తక్కువ, బయటి దారి దూరం ఎక్కువ. ఇంతవరకే చూస్తే లోపలిదే మేలనిపిస్తుంది. కాని లోపలి దారిలో వంపు బిగుతుగా ఉంటుంది, వేగం బాగా తగ్గించాల్సి వస్తుంది, మలుపు దాటాక ఆ వేగాన్ని మళ్లీ కూడగట్టుకోవాలి. మలుపు తర్వాత పొడవైన చదునైన దారి గాని, పెద్ద జంప్ గాని ఉంటే వేగాన్ని కాపాడే బయటి దారి గెలుస్తుంది. మలుపు వెంటనే ఇంకో బిగుతు మలుపో, నిట్టనిలువు దిగువో ఉంటే కాపాడిన వేగం ఎలాగూ బ్రేకులో పోతుంది కాబట్టి లోపలి దారి గెలుస్తుంది. అంటే ఒక లైన్‌ను దాని ముగింపు చూసి కాదు, దాని తర్వాత ఏముందో చూసి ఎంచుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు ఒక సెకండులో 11 మీటర్లు దాటిపోతాం. కళ్లు ముందు చక్రం దగ్గర ఉంటే ఈ ఆలోచనకు సమయమే ఉండదు.

ఇక సాహసమైన లైన్, భద్రమైన లైన్ అన్న పోలిక ఉంది. దీన్ని ధైర్యానికి సంబంధించిన విషయంగా చూడకుండా లెక్కగా చూడటం అలవాటు చేసుకోవాలి. ఒక రాళ్ల గుట్ట మీదుగా నేరుగా దూకితే 0.4 సెకండు కలిసివస్తుందని, అలా ఇరవైసార్లు దూకితే ఒకసారి పడతారని, పడితే కనీసం 10 సెకండ్లు పోతాయని అనుకుందాం. పందొమ్మిదిసార్లు కలిసివచ్చేది మొత్తం 7.6 సెకండ్లు, ఒక్కసారి పోయేది 10. ఆ లైన్ ఎంత అందంగా ఉన్నా నష్టమే. అదే చోట పక్క లైన్ కంటే ఒక సెకండు కలిసివస్తే లెక్క తిరగబడుతుంది. ఇందుకు కావలసిందల్లా ఒక స్టాప్‌వాచ్, పక్కన నిలబడి సమయం చూసే ఒక స్నేహితుడు. ఏ లైన్ వేగంగా ఉన్నట్టు అనిపిస్తోందన్న దాన్ని మాత్రం నమ్మవద్దు. గతుకుల మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంటే వేగంగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది, సాఫీ లైన్‌లో నెమ్మదిగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది, గడియారం తరచూ దీనికి విరుద్ధంగా చెబుతుంది.

పోటీ పద్ధతి కూడా ఈ లెక్కను మారుస్తుంది. రెండు పరుగుల్లో మెరుగైన సమయాన్ని లెక్కలోకి తీసుకునే పోటీ అయితే మొదటి పరుగులో భద్రమైన లైన్లతో ఒక మంచి సమయం నమోదు చేసుకుని, రెండో పరుగులో సాహసానికి దిగవచ్చు. ఫైనల్ ఒక్క పరుగే అయితే ప్రాక్టీసులో వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా దాటని లైన్‌ను పోటీలో ముట్టుకోకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. టేపు దాటి బయటికి వెళ్తే, ఎక్కడ బయటికి వెళ్లారో మళ్లీ అక్కడి నుంచే కోర్సులోకి రావాలన్న నిబంధనను కూడా లెక్కలో వేసుకోవాలి.

సైకిల్, చక్రాలు

డౌన్‌హిల్ సైకిల్‌కు ముందూ వెనకా దాదాపు 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ప్రయాణం (కుదుపుకు చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), రెండు క్రౌన్ల ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, కుదుపులు మింగే జంట కడ్డీలు), నేలకు సుమారు 63 డిగ్రీల కోణంలో వాలిన ముందు భాగం ఉంటాయి. ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చే ఎండ్యూరో సైకిల్‌కు ఆ ప్రయాణం 160 నుంచి 180 మిల్లీమీటర్లు ఉంటుంది. కోర్సు నిట్టనిలువుగా, రాళ్లతో, పెద్ద డ్రాపులతో ఉంటే డౌన్‌హిల్ సైకిల్‌కు ప్రత్యామ్నాయం లేదు. కోర్సులో తొక్కాల్సిన చదును భాగాలు ఎక్కువగా ఉంటే, అదీగాక మీరు ఏడాది పొడవునా నడిపేది ఎండ్యూరో సైకిలే అయితే, పోటీ కోసం అరువు తెచ్చుకున్న పెద్ద సైకిల్ కంటే మీ శరీరానికి అలవాటైన సైకిల్ మీదే మెరుగైన సమయం వస్తుంది. రెండు రోజుల్లో కొత్త సైకిల్ తూకం ఒంటబట్టదు.

చక్రాల కొలత గురించి జరిగే చర్చ దాని విలువకు మించినదని నా అభిప్రాయం. 29 అంగుళాల చక్రం గుంతల మీదుగా తేలిగ్గా దొర్లుతుంది. 2017లో స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియమ్ ప్రపంచ కప్‌ను గ్రెగ్ మినార్ ఆ చక్రాలతో గెలిచాక పోటీదారుల్లో చాలామంది అటు మళ్లారు. ముందు 29, వెనక 27.5 కలయిక పొట్టివారికి వెనక చక్రం ఒంటికి తగలకుండా చోటిస్తుంది, బిగుతు మలుపుల్లో సైకిల్ చురుగ్గా తిరుగుతుంది. 2019లో యూసీఐ వేర్వేరు కొలతల చక్రాలను అనుమతించాక ఇది మామూలైంది. మీ సైకిల్ దేనికి తయారైందో దానితోనే వెళ్లండి.

టైర్లు: రబ్బరు, గోడ, గాలి

ఖర్చు పెట్టదలచుకుంటే ముందు ఇక్కడే పెట్టండి. సైకిల్‌కూ నేలకూ మధ్య ఉన్న సంబంధమంతా అరచేయంత మేర రెండు చోట్ల తాకే రబ్బరు ద్వారానే నడుస్తుంది.

మొదటి పోలిక టైరు గోడ మందంలో. డౌన్‌హిల్ కోసం చేసిన రెండు పొరల టైరు బరువు సుమారు 1.2 నుంచి 1.4 కిలోలు ఉంటుంది. పలుచటి టైరుతో 300 గ్రాముల దాకా తగ్గుతుంది. చేతిలో పట్టుకుని చూస్తే ఆ 300 గ్రాములు చాలా పెద్ద తేడాగా కనిపిస్తాయి. కాని రాళ్ల గుట్టలో రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి టైరు తెగితే ఆ పరుగు అక్కడితో సరి. 2014లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో, పలు ప్రపంచ కప్‌లు గెలిచిన ఆరన్ గ్విన్ అంతటి పోటీదారు వెనక టైరు పోయి, ఉత్త రిమ్ము మీద కోర్సు పూర్తిచేయాల్సి వచ్చింది. ఆ పరుగులో ఆయన నేర్పును ప్రపంచమంతా మెచ్చుకుంది గాని గెలుపు దక్కలేదు. రాళ్లున్న కోర్సుకు వెనక కచ్చితంగా రెండు పొరల టైరే వేయండి. ముందు కాస్త తేలికైనది వేసినా సర్దుకోవచ్చు. రిమ్ము లోపల పెట్టే నురుగు ఇన్సర్ట్ మరో ఆసరా.

రెండోది రబ్బరు మెత్తదనం. బొటనవేలి గోరును టైరు గుబ్బ మీద గట్టిగా నొక్కి వదిలి చూడండి: మెత్తటి రబ్బరు మీద ఆ గుర్తు నింపాదిగా, నిద్రలేచినట్టు పైకి వస్తుంది, గట్టిదాని మీద వేలు తీయగానే మాయమవుతుంది. ఆ నింపాదితనమే తడి రాయి మీద పట్టు. మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది, చదును దారిలో బరువుగా దొర్లుతుంది. పోటీ రోజున ఈ రెండు లోపాల్నీ క్షమించవచ్చు. ముందు చక్రానికి మెత్తది, వెనక చక్రానికి ఒక మెట్టు గట్టిది అన్న కలయిక చాలా కోర్సులకు సరిపోతుంది, ఎందుకంటే ముందు చక్రం జారితే సైకిల్‌ను నిలబెట్టడం దాదాపు అసాధ్యం, వెనక చక్రం జారితే నిలబెట్టుకోవచ్చు.

మూడోది గుబ్బల ఆకారం. పొడి, గట్టి నేలకు పొట్టి దట్టమైన గుబ్బలు. మెత్తటి నేలకు, బురదకు పొడవైన, ఎడం ఎక్కువగా ఉన్న గుబ్బలు. బురద టైరు గట్టి రాయి మీద గుబ్బలు వంగి తూలుతుంది కాబట్టి, కోర్సులో సగం బురద, సగం రాయి ఉంటే పొడవైన గుబ్బల కొసల్ని కత్తిరించి వాడతారు. వాన వచ్చిన రోజున తేడాలు పదో వంతుల్లో ఉండవు, సెకండ్లలో ఉంటాయి. 2011లో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీలో తడిసి ముద్దయిన కోర్సు మీద డానీ హార్ట్ 11 సెకండ్లకు పైగా తేడాతో ప్రపంచ చాంపియన్ అయ్యారు. పొడి కోర్సులో అంత తేడా ఊహకు అందదు. అందువల్ల వాతావరణం అనుమానంగా ఉంటే పొడి టైరుతో కలిసివచ్చే కొద్ది లాభాన్ని వదులుకుని తడికి సిద్ధపడటమే తెలివి.

గాలి ఒత్తిడి విషయంలో, ఇన్సర్ట్ లేని రెండు పొరల ట్యూబ్‌లెస్ టైర్లకు 75 కిలోల మనిషి ముందు 22 నుంచి 25, వెనక 25 నుంచి 28 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టవచ్చు. మలుపులో టైరు పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపించినా, రిమ్ము రాయిని తాకిన టంగుమన్న శబ్దం వినిపించినా ఒక పీఎస్ఐ పెంచండి. వేర్ల మీద చక్రం బంతిలా ఎగురుతుంటే ఒకటి తగ్గించండి. ఒకేసారి రెండు మూడు మార్చవద్దు. ఎప్పుడూ ఒకే గేజ్ వాడండి. గేజ్ చూపే సంఖ్య కాస్త తప్పయినా ఫరవాలేదు, రోజూ ఒకే విధంగా తప్పు చూపితే చాలు.

సస్పెన్షన్, బ్రేకులు

స్ప్రింగు షాక్ చిన్న గతుకులను సున్నితంగా మింగుతుంది, పొడవైన దిగువలో వేడెక్కినా దాని స్పందన పెద్దగా మారదు. బరువు ఎక్కువ, మీ బరువుకు సరిపోని స్ప్రింగు అయితే మార్చడం తప్ప మార్గం లేదు. గాలి షాక్‌ను పంపుతో నిమిషంలో సర్దుకోవచ్చు, పెద్ద దెబ్బలకు చివర్లో గట్టిపడేలా చేయవచ్చు. అయితే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లోపలి ఒత్తిడి సుమారు 3 శాతం పెరుగుతుంది, కాబట్టి చలి ఉదయాన సర్దినదాన్ని ఎండెక్కాక మళ్లీ చూసుకోవాలి. ఒకే కోర్సు మీద దీర్ఘకాలం సాధన చేసేవారికి స్ప్రింగు, రకరకాల కోర్సులకు వెళ్లేవారికి గాలి నప్పుతాయని నేను చెబుతాను.

ఏ షాక్ అయినా మీరు సైకిల్ మీద నిలబడినప్పుడు వెనక దాదాపు 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం కుంగాలి. అక్కడి నుంచి గట్టిగానా, మెత్తగానా అన్నది కోర్సులోని కష్టమైన భాగమే చెబుతుంది: అది నిట్టనిలువు దిగువ అయితే ఫోర్కును కాస్త గట్టిగా ఉంచాలి, లేకపోతే బ్రేకు పట్టగానే ముందు భాగం కుంగి మనిషి హ్యాండిల్ మీదికి తూలతాడు, అది వరుస వేర్లయితే మెత్తగా ఉంచి, రీబౌండ్‌ను (కుంగిన షాక్ తిరిగి పైకి లేచే వేగాన్ని) సర్దే మీట ఒకటి రెండు క్లిక్కులు తిప్పి వేగవంతం చేయాలి, లేకపోతే ఒక వేరు దెబ్బకు కుంగిన చక్రం పైకి రాకముందే ఇంకో వేరు తగులుతుంది. మార్పులన్నీ ప్రాక్టీసు తొలి సగంలోనే ముగించాలి. ఆఖరి సాయంత్రం క్లిక్కులు తిప్పడం, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అవుతుంది.

బ్రేకులకు మెత్తని ఆర్గానిక్ ప్యాడ్లు తాకగానే పట్టుకుంటాయి, శబ్దం తక్కువ, కాని వేడికి నీరుగారిపోతాయి, బురదలో త్వరగా అరుగుతాయి. లోహపు ప్యాడ్లు వేడినీ తడినీ తట్టుకుంటాయి. వేగం 30 నుంచి 40 కిలోమీటర్లకు పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది, ఆ శక్తి అంతా రోటర్‌లో (ప్యాడ్లు పట్టుకునే లోహపు పళ్లెంలో) వేడిగా మారుతుంది. పొడవైన నిటారు దిగువలున్న కోర్సుకు లోహపు ప్యాడ్లు, కనీసం 200 మిల్లీమీటర్ల రోటర్లు తప్పనిసరి అని నా అభిప్రాయం. ఒకసారి పోటీ ముందురోజు రాత్రి కొత్త ప్యాడ్లు వేసుకుని, వాటిని రోటర్‌కు అలవాటు చేయకుండానే ఉదయం పైకి వెళ్లాను. మొదటి నిటారు దిగువలో మీట హ్యాండిల్ దాకా వచ్చింది, సైకిల్ మాత్రం ఆగలేదు; పొదల్లోకి వెళ్లి ఆగాను. కొత్త ప్యాడ్లు వేస్తే చదును దారిలో వేగం పుంజుకుని, పూర్తిగా ఆగకుండా గట్టిగా బ్రేకు పట్టి వదలడం ఇరవైసార్లయినా చేయాలి. అది వీలుకాకపోతే అరిగిన పాత ప్యాడ్లే మేలు, మందం ఒక మిల్లీమీటరుకు తగ్గనంత వరకు.

పెడళ్లు

పాదాన్ని బిగించే క్లిప్ పెడల్ గతుకుల్లో కాలు ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది, తొక్కేటప్పుడు బలం వృథా కాదు. పోటీల్లో ఎక్కువమంది వాడేది ఇదే. ఫ్లాట్ పెడల్ మీద మలుపులో కాలు తీసి నేలకు ఆనించడం సులువు, తప్పు భంగిమను అది దాచిపెట్టదు. 2006, 2007, 2010 సంవత్సరాల్లో ప్రపంచ చాంపియన్ అయిన శామ్ హిల్ ఫ్లాట్ పెడళ్లతోనే ఆ స్థాయికి వెళ్లారు కాబట్టి, ఫ్లాట్ అంటే కొత్తవారిది అనుకోవడం తప్పు. కష్టమైన భాగం జారుడు మలుపులైతే ఫ్లాట్, పొడవైన రాళ్ల గుట్ట అయితే క్లిప్. కాని పోటీకి నెలలోపు ఒకదాని నుంచి ఇంకోదానికి మారవద్దు. పడబోయే క్షణంలో కాలు ఎటు తిప్పాలో మెదడు ఆలోచించదు, కాలే ఆలోచిస్తుంది, దానికి పాత అలవాటే తెలుసు.

ముఖం మొత్తం కప్పే హెల్మెట్ డౌన్‌హిల్‌కు తప్పనిసరి. దానిలో డౌన్‌హిల్‌కు ఉద్దేశించిన ఏఎస్‌టీఎం ఎఫ్1952 ప్రమాణం ఉందో లేదో చూసుకోండి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా దాన్ని పక్కన పెట్టాలి. మోకాలి కవచం కావాలా వద్దా అన్న పోలిక ఈ వ్యాసంలో లేదు, ఉండదు కూడా.

శరీరానికి ఏ సాధన

ఎనిమిది వారాలు చేతిలో ఉంటే వ్యాయామశాలా, సైకిలా అన్న ప్రశ్న వస్తుంది. 2015లో అదే లియోగాంగ్‌లో స్టార్ట్ దగ్గరే చైన్ తెగిపోయినా ఆరన్ గ్విన్ ఒక్క పెడల్ తొక్కు లేకుండా ప్రపంచ కప్ గెలిచారు. డౌన్‌హిల్‌లో వేగం కాళ్ల బలం కంటే బ్రేకును ఎక్కడ వదలాలో, నేల ఎత్తుపల్లాల్లో సైకిల్‌ను ఎప్పుడు నొక్కాలో తెలియడంలో ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అలాగని అన్ని కోర్సులూ లియోగాంగ్ లాంటివి కావు. స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియమ్ కోర్సు సుమారు 2.8 కిలోమీటర్ల పొడవు, 550 మీటర్లకు పైగా దిగువ. పైభాగమంతా రాళ్లు, మధ్యలో అడవి, చివర్లో విశాలమైన జంపుల బాట. పై రాళ్లలో చేతులు అలసిపోయినవారు ఆ చివరి జంపుల్లో హ్యాండిల్‌ను నిలుపుకోలేరు.

కాబట్టి వారంలో మూడు రోజులు దొరికితే ఒక రోజు వ్యాయామశాలలో నడుముకు, వీపుకు, పిడికిలి పట్టుకు బరువులు. ఒక రోజు పది పదిహేను సెకండ్ల గట్టి స్ప్రింట్లు, మధ్యలో పూర్తి విశ్రాంతి. మిగిలిన రోజు కొండ మీద. రెండు రోజులే దొరికితే స్ప్రింట్లను వదిలేయండి, కొండను వదలవద్దు. పోటీకి ముందు వారం సాధన తగ్గించండి, వేగం మాత్రం తగ్గించవద్దు.

పోటీ రోజు ఉదయం

పోటీ ముందు ప్రాక్టీసుకు ఒక గంట ఇస్తే, అనుభవం ఉన్నవారు ఒకే పరుగు, కొత్తవారు రెండు పరుగులు దిగడం మంచిది. మొదటిది నిన్న సాయంత్రం తర్వాత కోర్సు ఎలా మారిందో చూడటానికి. రెండోది ఉంటే పోటీ వేగానికి కాస్త తక్కువగా, ఎంచుకున్న లైన్లన్నిటినీ ఒకసారి కలిపి దిగడానికి. రాత్రి వాన పడితే, నిన్న ఎంచుకున్న సాహసమైన లైన్‌ను వాడాలా వద్దా అన్న నిర్ణయం ఈ పరుగులోనే జరిగిపోవాలి, స్టార్ట్ గేటు దగ్గర కాదు.

గాగుల్స్ అద్దం చివరగా మిగిలిన ఎంపిక. అడవిలోకి వెళ్లే కోర్సుకు ముదురు రంగు అద్దం వద్దు. ఎండలోంచి చెట్ల నీడలోకి దూసుకెళ్లిన మొదటి రెండు సెకండ్లు ఏమీ కనిపించదు, ఆ రెండు సెకండ్లలో ఇరవై మీటర్లు పోతాయి. బయట కాస్త కళ్లు చికిలించాల్సి వచ్చినా లేత రంగుదే పెట్టుకోండి. బురద ఉంటే అద్దం మీద లాగి పారేసే పలుచటి పొరలు వాడవచ్చా లేదా అన్నది ఆ పోటీ నిబంధనల్లో ముందుగా చూసుకోండి.

మీ వంతుకు ఇరవై నిమిషాల ముందు శరీరం వేడెక్కించడం మొదలుపెట్టి, ఐదు నిమిషాల ముందు ఆపండి. ఆ ఐదు నిమిషాల్లో కళ్లు మూసుకుని కోర్సు మొత్తాన్ని కాదు, ముందే ఎంచుకున్న మూడు చోట్లను మాత్రం తలచుకోండి: ఎక్కడ బ్రేకు వదలాలి, కళ్లు ఎక్కడ పెట్టాలి, చక్రం ఏ రాయికి ఏ పక్కన వెళ్లాలి. టైరు గాలి చూడాలనిపిస్తే చూడండి గాని మార్చవద్దు.